మూడు దొంపిళ్లు

 ముందుగా ఒక్క వాక్యం. కాస్త చెవి ఒగ్గి వినాలి. "మిందురుడు తెల్లవారకముందే జెంబటికి పోయి, మూడు దొంపిళ్లను చెగిలించి తెచ్చాడు."

ఇప్పుడు ప్రశ్నలు. మిందురుడు ఎక్కడికి పోయాడు? జెంబటికి. ఎప్పుడు? తెల్లవారకముందే. ఎన్ని దొంపిళ్లను తెచ్చాడు? మూడు. వాటిని ఏం చేసి తెచ్చాడు? చెగిలించి. నాలుగు ప్రశ్నలు, నాలుగు సరైన జవాబులు. కానీ మిందురుడు ఎవరో, జెంబటి ఊరో సంతో, దొంపిళ్లు తినేవో తొడుక్కునేవో వింటున్నవారికి తెలియదు. తెలిసే వీలూ లేదు. ఆ మాటలు ఏ నిఘంటువులోనూ దొరకవు, ఈ ప్రసంగం కోసం అప్పటికప్పుడు పుట్టించినవి.

ఇదంతా మన విభక్తుల చలవ. మాట చివర 'కి' వినబడగానే 'ఎక్కడికి' అన్న ప్రశ్నకు జవాబు దొరికిపోతుంది. 'ను' వినబడితే 'దేన్ని' అన్నదానికి దొరుకుతుంది. తెలుగు పిల్లలకు ఈ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు, మాటలతోపాటే వచ్చేస్తుంది. ఏడో తరగతి పరీక్షలో 'కింది గద్యాన్ని చదివి ప్రశ్నలకు జవాబులు రాయండి' అని ఉంటే, తెలివైన పిల్లవాడు చాలాసార్లు గద్యం చదవడు. ముందు ప్రశ్న చదువుతాడు. అందులోని మాట గద్యంలో ఏ వరుసలో ఉందో వేలుపెట్టి వెతుకుతాడు. ఆ వరుసను ఎత్తి జవాబుపత్రంలో దించుతాడు. మాస్టారు టిక్కు కొడతారు. పిల్లవాడికి మార్కు వస్తుంది, చదివింది అర్థమైందో లేదో మాత్రం ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లోనే దీని నష్టం బయటపడుతుంది. చిన్న తరగతుల్లో తెలుగు వాచకం గడగడా చదివితే గడిచిపోతుంది. ప్రాథమికోన్నత పాఠశాలకు వచ్చేసరికి సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం, చివరికి లెక్కల్లో రాత లెక్కలు కూడా పేరాల రూపంలో మీదికొస్తాయి. కిరణజన్య సంయోగక్రియ గురించి టీచరు చెప్పగలిగినంత చెప్పి, మిగిలింది ఇంటి దగ్గర చదువుకు రమ్మంటారు. ఇంటి దగ్గర పిల్లలకు పుస్తకమే దిక్కు. పుస్తకం అర్థమవుతోందా లేదా అన్నది కనిపెట్టడం ఎలాగన్న ప్రశ్నకు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో పరిశోధన ఉంది, డబ్బు ఉంది, అక్కడక్కడ మంచి హాస్యం కూడా ఉంది.

డీఎస్సీకో టెట్‌కో చదివినవాళ్లకు థార్న్‌డైక్ పేరు చెబితే పెట్టెలో బంధించిన పిల్లి, యత్నదోష సిద్ధాంతం గుర్తుకొస్తాయి. ఆ ఎడ్వర్డ్ థార్న్‌డైకే 1917లో పిల్లులను వదిలి పిల్లల మీద ఒక వ్యాసం రాశాడు. అప్పటికి ఆయన న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో ఉన్నాడు. చదవడమంటే తర్కించడమే అన్నది ఆ వ్యాసం సారాంశం. పిల్లలకు ఇచ్చిన పేరాల్లో ఒకటి చాలా చిన్నది, నిజానికి ఒకే ఒక్క పొడుగాటి వాక్యం. ఫ్రాంక్లిన్ అనే ఊళ్లో ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరూ బడి ఉన్న ప్రతిరోజూ బడికి రావాలి. మూడు సందర్భాల్లో మినహాయింపు ఉంది. పిల్లలకు బడికి రాలేనంత జబ్బు చేసినా, ఇంట్లో ఎవరికైనా అంటువ్యాధి సోకినా, దారులు నడవలేకుండా పాడైనా రానక్కర్లేదు. అంతే.

ఈ పేరా ముఖ్యంగా దేని గురించి? ఆరో తరగతి పిల్లలు 200 మంది ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబుల్ని థార్న్‌డైక్ గుదిగుచ్చాడు. ఫ్రాంక్లిన్ తన బడికి వెళ్తాడని కొందరు రాశారు. అతను గొప్ప కొత్త వస్తువులు కనిపెట్టినవాడని ఇంకెవరో రాశారు. అమెరికా పిల్లలకు ఫ్రాంక్లిన్ అంటే ఊరికంటే ముందు గాలిపటంతో మెరుపును పట్టిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ గుర్తుకొస్తాడు మరి. ఇంకో రకం జవాబులు మరీ విచిత్రమైనవి. పెద్ద అక్షరం అని ఒకరు, అర అంగుళం జాగా వదలాలి అని ఒకరు, కర్త, క్రియాపదం అని ఒకరు. బడికి, అంటువ్యాధికి, అర అంగుళానికి ఏమిటి సంబంధం?

సంబంధం ఉంది. ప్రశ్నలో 'పేరా' అన్న మాట ఉంది. పేరా మొదలుపెట్టేటప్పుడు అంచు నుంచి కాస్త జాగా వదలాలనీ, మొదటి అక్షరం పెద్దది రాయాలనీ అమెరికా బడుల్లో పంతుళ్లు పదే పదే చెప్పి ఉంటారు. ఆ ఒక్క మాట పిల్లల మనసులో ఎంత బరువెక్కిందంటే, ప్రశ్నలోని మిగతా మాటలన్నీ దాని కింద నలిగిపోయాయి. థార్న్‌డైక్ దీన్నే వివరించాడు. చదువుతున్నప్పుడు ప్రతి మాటకూ తగినంత బరువు ఇవ్వాలి, ఒకదానికి ఎక్కువ ఇస్తే మొత్తం ఒరిగిపోతుంది. తక్కెడలో సరుకు తూచినట్టు చదువరి క్షణక్షణం తూస్తూ ఉండాలి. లెక్క చేయడానికీ పేరా చదవడానికీ తేడా లేదని ఆయన అనడం ఇందుకే.

గమనించాల్సిన విషయమేమిటంటే, థార్న్‌డైక్‌కు ఈ సంగతి చెప్పినవి తప్పు జవాబులే. ఒప్పు జవాబులన్నీ ఒకేలా ఉంటాయి, అవి ఎలా వచ్చాయో చెప్పవు. అర అంగుళం అని రాసిన పిల్ల మాత్రం తన బుర్రలో ఏం జరిగిందో దాచకుండా బయటపెట్టేసింది. మన బడుల్లో అలాంటి జవాబు పడితే ఎర్రసిరాతో అడ్డంగా గీత పడుతుంది. స్టాఫ్‌రూమ్‌లో నాలుగు నవ్వులు కూడా పడతాయి. ఆ జవాబు అక్కడితో చెత్తబుట్టకే.

థార్న్‌డైక్ తప్పుల్ని చదువుతున్న రోజుల్లోనే, కాన్సాస్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ కెల్లీ అనే ఆయనకు వేరే బెంగ పట్టుకుంది. ఒకే జవాబుకు ఒక పంతులు ఎనిమిది మార్కులు వేస్తే ఇంకో పంతులు ఐదు వేస్తున్నాడు. ఎవరు దిద్దినా ఒకే మార్కు రావాలంటే ఏం చేయాలి? 1915 ప్రాంతంలో ఆయన తయారుచేసిన మౌన పఠన పరీక్షలో పిల్లలు రాసేది దాదాపు ఏమీ లేదు. అందులో ఒక ప్రశ్న ఇలా సాగుతుంది: ఆవు, పులి, ఎలుక, తోడేలు అని నాలుగు పేర్లున్నాయి, పొలం పనికి ఉపయోగపడే జంతువు పేరు చుట్టూ గీత గీయాలి. పరీక్ష సమయం ఐదు నిమిషాలు. మూడో తరగతి నుంచి పైతరగతుల దాకా మూడు మెట్లలో దాన్ని తయారుచేశారు, ఆరు, ఏడు, ఎనిమిది తరగతులది మధ్య మెట్టు. బహుళైచ్ఛిక ప్రశ్నకు పుట్టిల్లు ఇదేనని చాలామంది చరిత్రకారుల మాట. ప్రవేశ పరీక్షల నుంచి గ్రూప్స్ దాకా మన పిల్లలు బబుల్స్ నింపుతూ గడిపే యౌవనానికి మూలం ఆ ఆవు చుట్టూ గీసిన గీతలో ఉందన్నమాట.

కెల్లీ బెంగ న్యాయమైనదే. లక్షల మంది పిల్లల్ని ఒకే కొలతతో కొలవాలంటే ఇంకో దారి సులువుగా దొరకదు. 2021 నవంబరు 12న దేశమంతటా మూడు, ఐదు, ఎనిమిది, పది తరగతుల పిల్లలకు జరిగిన జాతీయ సాధన సర్వే కూడా ఈ దారినే నడిచింది. అయితే నాలుగు జవాబులు కళ్ల ముందుంటే ఒక చిక్కు వస్తుంది. గద్యం చదవకుండానే జవాబు తట్టేస్తుంది. ఆవు, పులి ప్రశ్నలో ఎంత చదువు పరీక్షకు వచ్చింది, ఎంత లోకజ్ఞానం వచ్చింది?

ఇది ఊహ కాదు. అమెరికాలో గ్రే పేరు మీద చాలాకాలంగా వాడుకలో ఉన్న చదువు పరీక్ష ఒకటుంది. 2006లో జానిస్ కీనన్, రెబెకా బెట్జ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు విశ్వవిద్యాలయ విద్యార్థులకు అందులోని గద్యాలు చూపించకుండా ప్రశ్నలు మాత్రమే ఇచ్చారు. చాలా ప్రశ్నలకు వాళ్లు గుడ్డిగా గురిపెడితే వచ్చేదానికంటే ఎక్కువగా సరైన జవాబులు పెట్టారు. ఏ పేరా చదివి అర్థం చేసుకున్నట్టు? చదవని పేరా.

మన అపరిచిత గద్యాలకు ఈ జబ్బు ఇంకాస్త ఎక్కువ. మనవాళ్లకు నీతి మీద మోజు. చీమల ఐకమత్యం, చెట్ల ఉపకారం, కాలం విలువ, తల్లిదండ్రుల సేవ. చెట్ల గురించి పేరా ఇచ్చి 'చెట్లను మనం ఏం చేయాలి' అని అడిగితే, నరకాలి అని రాసే పిల్ల రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక్కతి దొరకదు. ప్రశ్నపత్రం తయారుచేసే టీచర్లు ఒక చిన్న పని చేస్తే చాలు. గద్యాన్ని చేత్తో మూసి, ప్రశ్నల్ని పక్క తరగతి పిల్లవాడికి ఇచ్చి చూడాలి. సగానికి పైగా చెప్పేశాడంటే ఆ ప్రశ్నలు ఆ గద్యానివి కావు.

ముందే తెలిసిన సంగతి చదువును ఎంత మారుస్తుందో తేల్చిన ప్రయోగం ఒకటి 1988లో వచ్చింది. డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే ఇద్దరు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని 64 మందిని తీసుకున్నారు. బాగా చదివేవాళ్లు సగం, చదువులో వెనకబడ్డవాళ్లు సగం. ప్రతి సగంలోనూ బేస్‌బాల్ ఆట బాగా తెలిసినవాళ్లు కొందరు, అంతగా తెలియనివాళ్లు కొందరు. అందరికీ ఒక బేస్‌బాల్ మ్యాచ్‌లో అర ఇన్నింగ్స్ వర్ణన ఇచ్చి చదవమన్నారు. తర్వాత కాగితం మీద ప్రశ్నలతో సరిపెట్టలేదు. ఆట మైదానం నమూనా ఒకటి, చెక్కబొమ్మలు కొన్ని ముందు పెట్టి, చదివింది చదివినట్టు బొమ్మల్ని కదిలించి చూపమన్నారు. నోటితో కథ చెప్పమన్నారు.

పందెం గెలిచింది చదువు కాదు, ఆట. చదువులో వెనకబడ్డా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదువుతూ ఆట తెలియని పిల్లల్ని తేలిగ్గా దాటేశారు. ఆట తెలిసినవాళ్లలో మంచి చదువరులకూ వెనకబడ్డవాళ్లకూ పెద్ద తేడాయే కనబడలేదు.

దీన్ని మన గడపలోకి తెచ్చుకుందాం. ఎనిమిదో తరగతి పేపర్లో ఒక గద్యం ఇలా ఉందనుకుందాం. ఆడవాళ్లు తంగేడు, గునుగు కోసుకొచ్చారు, తాంబాళంలో పేర్చారు, పైన గౌరమ్మను పెట్టారు, చీకటిపడే వేళకు చెరువు దారి పట్టారు. 'చెరువుకు ఎందుకు వెళ్లారు?' అన్నది ప్రశ్న. గద్యంలో ఆ మాట లేదు, ఊహించాలి. వరంగల్ పిల్ల గద్యం వైపు చూడకుండానే బతుకమ్మను నీళ్లలో వదలడానికని రాసేస్తుంది, ఏటా తాను కూడా ఆ దారిన నడిచినదే కనుక. ఏ మదనపల్లె పిల్లో నీళ్లు తేవడానికని రాయవచ్చు, స్నానానికని రాయవచ్చు. ఇప్పుడు పల్లెకారుల వేట మీద, వలలు, తెప్పలు, పోటు పాట్ల మీద గద్యం ఇస్తే భీమిలి పిల్లవాడి కలం పరుగెడుతుంది, ఆదిలాబాద్ పిల్లవాడు ఆగిపోతాడు. రెండు పేపర్లలోనూ కొలిచామనుకున్నది చదువును, కొలిచింది మాత్రం పిల్ల పుట్టిపెరిగిన చోటును.

ఈ వాదన పెద్ద స్థాయిలో కూడా వినబడింది. పదిహేనేళ్ల పిల్లలకు అంతర్జాతీయంగా జరిగే పీసా పరీక్షలో మన దేశం తరఫున తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పాల్గొన్నాయి. 2011 డిసెంబరులో ఫలితాలు వచ్చాయి. డెబ్బైకి పైగా దేశాలు, ప్రాంతాల వరుసలో ఆ రెండూ అట్టడుగున, కిర్గిజ్‌స్తాన్‌కు కాస్త పైన నిలిచాయి. ప్రశ్నలు మన పిల్లల సామాజిక, సాంస్కృతిక పరిస్థితులకు తగినవి కావని కేంద్ర ప్రభుత్వం అన్నది, తర్వాతి విడతలకు దూరంగా ఉండిపోయింది. ఆ మాటలో కొంత నిజం ఉండవచ్చు. కానీ అద్దం వంకరగా ఉందని చెప్పి ముఖం చూసుకోవడమే మానేయడం మరో వంకర.

పరీక్ష పెట్టేవాళ్ల వంకరల గురించి అయితే అమెరికాలో కథలే ఉన్నాయి. 2012 ఏప్రిల్లో న్యూయార్క్ రాష్ట్రం ఎనిమిదో తరగతి పిల్లలకు పెట్టిన పరీక్షలో ఒక కథ ఇచ్చారు. మన కుందేలు, తాబేలు కథే, కాకపోతే తాబేలు చోట అనాసపండు. అనాసపండు కుందేలుతో పరుగుపందెం కాస్తుంది. కాళ్లు లేనిది పందెం కాసిందంటే ఏదో ఎత్తు దాచే ఉంటుందని అడవిలోని జంతువులన్నీ అనుకుంటాయి. పందెం మొదలవుతుంది. అనాసపండు అంగుళం కదలదు. కుందేలు గెలుస్తుంది. జంతువులన్నీ కలిసి అనాసపండును తినేస్తాయి. ఇంగ్లీషులో ఎత్తు దాచుకోవడాన్ని చొక్కా చేతిలో దాచుకోవడమని అంటారు. కాబట్టి కథ చివర నీతి ఏమిటంటే, అనాసపండ్లకు చొక్కా చేతులుండవు.

నవ్వుకోవడానికి రాసిన కథ ఇది. దాని మీద వేసిన ప్రశ్నలు మాత్రం నవ్వులాటకు వేసినవి కావు. జంతువులు అనాసపండును ఎందుకు తిన్నాయి? కోపంతోనా, ఆకలితోనా? అన్నిటిలోకీ తెలివైన మాట అన్న జంతువు ఏది? నాలుగేసి జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. పిల్లలు తలలు పట్టుకున్నారు, బయటికొచ్చి తల్లిదండ్రులకు చెప్పారు, పత్రికలు కథను అచ్చేశాయి. కథకు మూలం డేనియల్ పింక్‌వాటర్ అనే రచయిత నవలలోని ఒక పిట్టకథ. పింక్‌వాటర్ రాసినప్పుడు పందెం కాసింది అనాసపండు కూడా కాదు, వంకాయ. పరీక్ష కోసం మార్చారు. చివరికి రాష్ట్ర విద్యాశాఖ ఆ కథ మీది ప్రశ్నల్ని మార్కుల్లో లెక్కించబోమని ప్రకటించింది.

ఐదేళ్లకు టెక్సాస్ వంతు వచ్చింది. సారా హోల్‌బ్రూక్ పిల్లల కోసం కవిత్వం రాసే కవయిత్రి. ఆమె కవితలు రెండు టెక్సాస్ ఏడు, ఎనిమిది తరగతుల పరీక్షల్లో వచ్చాయి. వాటి మీది ప్రశ్నలు చూసి, తన కవితల మీది ప్రశ్నలకు తానే జవాబు చెప్పలేకపోతున్నానని 2017లో ఆమె బహిరంగంగా రాశారు. కవయిత్రి ఈ కవితను రెండు చరణాలుగా ఎందుకు విడగొట్టింది అన్నది ఒక ప్రశ్న. నాలుగు జవాబులూ గంభీరంగా ఉన్నాయి. ఆమె చెప్పిన అసలు కారణం, సభల్లో ఆ కవిత చదివేటప్పుడు అక్కడ కాస్త ఆగుతారట. ఊపిరి తీసుకునే చోటు అది. నాలుగు జవాబుల్లో ఊపిరి లేదు.

ఇక మన దగ్గర. 2005 నుంచి ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో జరుగుతున్న అసర్ సర్వే దీనికి పూర్తిగా వేరే పద్ధతి. వాలంటీర్లు పల్లెల్లో ఇంటింటికీ వెళ్తారు. అరుగు మీదో చెట్టు కిందో పిల్లను కూర్చోబెట్టుకుని, ఆమె భాషలోనే ఒక కాగితం చేతికిస్తారు. అందులో అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. పిల్ల పైకి చదువుతుంది, వాలంటీరు పక్కన కూర్చుని వింటాడు. బబుల్స్ లేవు, ర్యాంకులు లేవు. ఎనిమిదో తరగతి పిల్లల్లో ఆ రెండో తరగతి కథను చదవగలిగినవాళ్లు 2018లో నూటికి 73 మంది. కరోనా బడులు మూయించాక 2022లో 69.6 శాతం. అంటే ఎనిమిదేళ్లు బడికి వెళ్లాక కూడా పదిమందిలో ముగ్గురు రెండో తరగతి కథ దగ్గరే తడబడుతున్నారు.

మిగతా ఏడుగురి సంగతి? వాళ్లు చదవగలరు. అర్థమైందా అన్నది ఆ కాగితం అడగదు. ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు 1986లో చెప్పిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది. అక్షరాలు కూడబలుక్కునే శక్తిని, భాష అర్థమయ్యే శక్తితో గుణిస్తే వచ్చేదే చదువు. కూడిక కాదు, గుణకారం. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా. ఇది నమ్మలేనివాళ్లు ఏ తెలుగు ఇంటి పూజగదిలోకైనా తొంగిచూడవచ్చు. తెలుగు లిపిలో అచ్చైన లలితా సహస్రనామాన్ని ఒక్క అక్షరం తప్పకుండా చదివే అమ్మమ్మలు వేలల్లో ఉన్నారు. అందులో ఏ నామానికి ఏమర్థమో అడిగితే, అది అమ్మవారికి తెలుసు అంటారు. అమ్మమ్మల భక్తికి అది చాలు. మనకున్నది రాసినట్టే పలికే లిపి. గుణింతాలు, ఒత్తులు దాటేస్తే ఏ మాటనైనా పలకవచ్చు. దానివల్ల ఒక మోసం కూడా జరుగుతుంది. గడగడా చదువుతున్న పిల్లను చూసి టీచరూ మురుస్తుంది, తండ్రీ మురుస్తాడు.

అసర్ వాళ్లు ఈ లోటు ఎరిగినవాళ్లే. 2023లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు కథ ఒక్కటే ఇవ్వలేదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు ఇచ్చి, దాని మీది సూచనలు చదివి నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పమన్నారు. కాస్తో కూస్తో చదవగలిగినవాళ్లలోనే, కనీసం మూడింటికి సరిగా చెప్పినవాళ్లు సుమారు మూడింట రెండు వంతులు. విరేచనాలు పట్టుకున్న పసిబిడ్డ ఇంట్లో ఉన్నప్పుడు ఆ మిగిలిన మూడో వంతు ఏం చేస్తుందన్నది ఏ పేపరూ దిద్దదు.

తెలుగులో ఈ పరీక్షలు తయారుచేయడానికి ఇంకో పేచీ ఉంది. 1953లో విల్సన్ టేలర్ అనే అమెరికన్ ఒక తేలికైన ఉపాయం కనిపెట్టాడు. పత్రికల్లో వచ్చే రాతలు పాఠకులకు ఎంత తేలికో కొలవడం ఆయన ఉద్దేశం. పేరాలో ప్రతి ఐదో మాటనూ కొట్టేసి ఖాళీ వదలాలి, చదివేవాడు అసలు మాటనే తిరిగి నింపాలి. ఎన్ని నింపితే అంత అర్థమైనట్టు. ఇంగ్లీషులో ఇది బాగా నడిచింది, ఎందుకంటే అక్కడ మాటలు చిన్నచిన్న ముక్కలు. తెలుగులో 'వెళ్లలేకపోయామనుకున్నారు' అన్నది ఒక్క మాట. ఇంగ్లీషులో అదే అయిదారు మాటలు అవుతుంది. అలాంటిది ఒక్కటి కొట్టేస్తే ఒక వాక్యాన్నే మింగేసినట్టు, దాన్ని అక్షరం పొల్లుపోకుండా నింపమంటే రాసిన రచయితకే సాధ్యం కాదు.

పైగా మాండలికం. 'వాన మొదలవగానే రైతు ఎడ్లను ______ కట్టేశాడు' అన్న వాక్యం ఇచ్చామనుకుందాం. ఒక పిల్ల కొట్టంలో అని రాస్తుంది, ఒకడు పాకలో అంటాడు, ఇంకొకడు సావిట్లో అంటాడు. ముగ్గురికీ అర్థమైంది, ముగ్గురూ ఎడ్లను తడవకుండా కాపాడారు. సమాధానాల పట్టిక ప్రకారం దిద్దితే ఒక్కరికే మార్కు. అదే ఇంకో పిల్ల 'గుంజకు' అని రాస్తే మాత్రం టీచరు ఆగి చూడాలి. వ్యాకరణం సరిపోయింది, ఎడ్లను గుంజకే కడతారు కూడా. కానీ వాన మాట ఆ పిల్ల లెక్కలోకి రాలేదు. థార్న్‌డైక్ ఉంటే ఈ జవాబును చూసి కళ్లద్దాలు సవరించుకునేవాడు. కొట్టం, పాక, సావిడి మూడింటికీ మార్కు వేసి, గుంజ దగ్గర ఆగే ఓపిక యంత్రానికి లేదు. తరగతికి అరవై పేపర్లు, పైన ఆన్‌లైన్‌లో మార్కుల నమోదు, ఆపైన మధ్యాహ్న భోజనం లెక్కలు చూసుకునే టీచరుకు ఆ ఓపిక ఉండాలని అనడం తేలికే.

పరీక్షల సంగతి ఇలా ఉంటే, నేర్పడం సంగతి ఏమిటి? డొలోరెస్ డర్కిన్ అనే అమెరికన్ పరిశోధకురాలు డెబ్బైల్లో ఇల్లినాయ్ బడుల్లో నాలుగో తరగతి గదుల్లో ఏం జరుగుతోందో గడియారం చూస్తూ నమోదు చేసింది. 4,469 నిమిషాల పఠన పాఠాలు. అంటే సుమారు 75 గంటలు. అందులో, చదివింది ఎలా అర్థం చేసుకోవాలో టీచర్లు నేర్పిన సమయం 20 నిమిషాలు. మిగతాదంతా ఖాళీగా పోలేదు. ప్రశ్నలు అడిగారు, జవాబులు రాబట్టారు, అభ్యాసాలు చేయించారు. అంటే అర్థమైందా లేదా అని పరీక్షించారు. ఇంకా నేర్పనిదాన్ని రోజూ పరీక్షించారన్నమాట. అది 1979కి ముందటి అమెరికా అని తీసిపారేయవచ్చు. మన గదుల్లో ఎవరైనా గడియారంతో కూర్చుంటే ఏం తేలుతుందో మాత్రం అడగకుండా ఉండలేం.

నేర్పవచ్చా అన్నదానికి 1984లో జవాబు దొరికింది. అన్‌మేరీ పలింక్సర్, ఆన్ బ్రౌన్ అనే ఇద్దరు ఏడో తరగతి పిల్లల్ని తీసుకున్నారు. ఆ పిల్లలు పైకి బాగానే చదువుతారు, అర్థం మాత్రం కాదు. అచ్చంగా మన దొంపిళ్ల విద్యార్థులే. వాళ్లతో నాలుగు పనులు చేయించారు. పేరా చదివి రెండు ముక్కల్లో సారం చెప్పాలి, దాని మీద ఒక ప్రశ్న తయారుచేయాలి, తెలియని మాట దగ్గర ఆగి అడగాలి, తర్వాత ఏం వస్తుందో ఊహించాలి. మొదట టీచరు చేసి చూపిస్తుంది, తర్వాత పిల్లలే వంతులవారీగా టీచరవుతారు. ఒక పిల్లవాడు మొదటి రోజు పాముల పేరా మీద ఒక్క ప్రశ్న తయారుచేయలేక, పేరాలోని మాటలే అటూఇటూ తిప్పి, చివరికి తనకు రావడం లేదని ఒప్పుకున్నాడు. టీచరు సగం ప్రశ్న అందిస్తే మిగతా సగం అతుకుతూ వచ్చాడు. పదిహేనో రోజుకు దక్షిణ ధ్రువం గురించి చదివి, ఎవరి సాయమూ లేకుండా సరైన ప్రశ్న వేశాడు. ఇరవై రోజులు తిరిగేసరికి ఆ పిల్లల్లో చాలామంది పదింటిలో మూడు నాలుగు జవాబుల నుంచి ఏడెనిమిదింటికి ఎక్కారు.

ఆ నాలుగు పనుల్లో ఒకటి మన పేపర్లలోకి నేరుగా వచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల తెలుగు ప్రశ్నపత్రాల్లో, జవాబులు అడగకుండా, పేరా ఇచ్చి ప్రశ్నలు తయారుచేయమనే అంశం ఉంటోంది. చక్కటి ఆలోచన. ఎందుకు, ఎలా అని అడగాలంటే పేరా లోపలికి వెళ్లాలి. అయితే బజారులో గైడు ఊరుకోదు. పేరాలోని వాక్యంలో ఒక్కో మాట తీసేసి, దాని చోట ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని, దేన్ని అన్న ఐదు మాటలూ వరుసగా తగిలించి, చివర ప్రశ్నార్థకం మరవకుండా పెడితే చాలని చెబుతుంది. పిల్లలు అలాగే పెడుతున్నారు. మిందురుడి వాక్యాన్ని ఇచ్చినా పెడతారు. జెంబటికి ఎవరు పోయారు? మిందురుడు ఎక్కడికి పోయాడు? ఎప్పుడు పోయాడు? ఎన్ని దొంపిళ్లను తెచ్చాడు? దేన్ని చెగిలించాడు? ఐదు ప్రశ్నలు, అన్నీ వ్యాకరణానికి సరిపోయినవే, ఐదింటికీ మార్కులు పడతాయి.